కంప్యూటర్ వేసిన వరుస

జహీరాబాద్
జూన్ 12, 1985

తమ్ముడు ఇంద్రసేనకు,

నీ ఉత్తరం వచ్చేదాకా ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. వచ్చాక మీ బావకు నవ్వు ఆగలేదు, నాకు అన్నం సయించలేదు.

నువ్వు రాసిన ప్రోగ్రాము అంటే ఏమిటో నాకు అర్థమైనంతలో చెబుతాను, తప్పయితే దిద్దు. యంత్రం ఏ పని తరువాత ఏ పని చెయ్యాలో చెప్పే రాత అది. దాన్ని మీ కంపెనీ షోలాపూర్ వైపు చెరకు రైతుల సంఘాలకు అమ్ముతోంది. ఎవరి తోట ముందు నరకాలి, ఎవరిది తరువాత అనే వరుస అది వేసి ఇస్తుంది. మా తమ్ముడి బుర్రలోంచి వచ్చింది కదా అని స్టాఫ్ రూములో నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ఆ తరువాత పేజీ తిప్పాను. కంపెనీ అమ్ముకుంటున్నదాన్నే నువ్వు సాయంత్రాలు దాదర్‌లో కూర్చుని, అడిగినవాళ్లకల్లా కాపీలు చేసి ఇస్తున్నావట. దాని పేరు పంచుకోవడమట.

మీ బావ ఎరువుల దుకాణంలో కూర్చుని ఒక్క మాటే అన్నాడు. "మీ తమ్ముడు దుకాణంల గుమస్తాగ చేరి, దుకాణం సామానే ధర్మం చేస్తుండు." ఆయన మాటలు నాకు నచ్చే సందర్భాలు తక్కువ. ఇది నచ్చింది, అదే బాధ.

ఇరవై ఏళ్లుగా ఈ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతున్నాను. సొత్తు అంటే ఏమిటో చెప్పే పాఠం ఒకటుంది. నిన్న ఆ నోట్సు చెబుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను, అది నిజమేనా అని. ఆడపిల్లలు పెన్నులు ఎత్తి నా ముఖం చూస్తున్నారు. నీ పిచ్చి నాకు అంటించకు.

మరదలు బాలమణి అల్లం కావాలందిగా, ఈసారి కోహీర్ అల్లం బాగుంది. చిరాగ్‌పల్లి దగ్గర ఆగే బొంబాయి బస్సులో ఎవరైనా తెలిసినవాళ్లు దొరికితే పంపుతాను.

మీ అక్క,
మనోరమ


బొంబాయి
జూన్ 24, 1985

అక్కకు,

దొంగ తమ్ముడు రాస్తున్నది. జైలు గాలి ఇంకా తగల్లేదు, ఆరోగ్యం బాగుంది.

బావ దుకాణంలో యూరియా బస్తా నేను ఎత్తుకుపోతే బావకు ఒక బస్తా తక్కువవుతుంది. నా ప్రోగ్రాము పదిమందికి ఇచ్చినా కంపెనీ దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. నువ్వు పాఠం చెబితే ఆ పాఠం నీ తలలోంచి పోతుందా? పోయేదయితే ఇరవై ఏళ్లకు ఏం మిగిలేదో ఊహించుకో.

కాపీల సంగతి అలా ఉంచు. అసలు నా గొడవ వేరే. డబ్బు పెట్టి కొన్న సంఘానికి కూడా కంపెనీ లోపల ఏముందో చూపించదు. మూత బిగించి ఇస్తుంది. వరుసలో తప్పు వస్తే కంపెనీ మనిషి బొంబాయి నుంచి రావాలి, వచ్చేదాకా చెరకు పొలంలో ఎండాలి. రైతు తలరాత రాసే కాగితాన్ని రైతు చదవకూడదట. మీ పాఠంలో దీన్ని ఏమంటారో రాయి. ఇలా అనుకునేవాళ్లు అమెరికాలో కూడా ఉన్నారని ఒక జిరాక్సు కాగితం మా చేతికి వచ్చింది. నాకు అమెరికా అక్కర్లేదు. పోయిన ఆదివారం ఈ కాపీలు పంచుకునేవాళ్లం దాదర్ హాల్లో పెట్టుకున్న మీటింగులో మన ఊరి సంగతే చెప్పాను. మా న్యాల్‌కల్ వైపు విత్తనం అమ్మేవాడు లేడు, మృగశిర రాగానే ఊరంతా మా అరుగు దగ్గరికి వచ్చేది, మా నాన్న అడిగినవాళ్లకు అడిగినంత కొలిచి పోసేవాడు, ప్రోగ్రాము కూడా విత్తనమే అన్నాను. హాలంతా చప్పట్లు. ఒక మరాఠీ పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు.

అల్లం తొందరగా పంపు. ఇక్కడి అల్లానికి వాసనే లేదు.

ఇంద్రసేన


జహీరాబాద్
జూలై 7, 1985

ఇంద్రసేనా,

ఆ మరాఠీ పెద్దమనిషి అడ్రసు పంపు. కళ్లు తుడుచుకున్న చేతిరుమాలు ఉతికి పంపిస్తాను.

నాన్న పోసింది దానం అనుకున్నావా ఇన్నాళ్లూ? అది నాగు. మృగశిరకు ఒక బస్తా పోస్తే, పంట కోతలకు బస్తాన్నర తిరిగి కొలుచుకోవడం. నువ్వు హైదరాబాద్ హాస్టల్లో ఉండేవాడివి, ఎండాకాలం సెలవులకే ఇంటికి వచ్చేవాడివి. బడి తెరిచే ముందు, పోస్తున్నప్పుడు అరుగు మీద నువ్వున్నావు. తిరిగి తీసుకుంటున్నప్పుడు నేనున్నాను. మనిద్దరిదీ ఒకే ఇల్లు, చూసిన నాన్నలు మాత్రం ఇద్దరు.

దేవమ్మ గుర్తుందా, మన పశువుల కొట్టం వెనక ఉండేది? ఒక ఏడు పంట సరిగ్గా రాలేదు. కుంచం నిండకపోతే, తన సంచి దులిపి, నేల మీద రాలిన గింజలు కొంగుతో ఊడ్చి మరీ పోసింది. నాన్న కుంచం నిండిందా లేదా అని మాత్రం చూశాడు. ఆ అరుగునే నువ్వు దాదర్ తీసుకుపోయి హాలు మధ్యలో పెట్టి దండ వేశావు.

న్యాయంగా ఇంకో మాట కూడా రాయాలి, రాయకపోతే నాకే తోచదు. ఆడవాళ్లు తమలో తాము పిడికెళ్లతో విత్తనాలు ఇచ్చిపుచ్చుకునేవారు, కొలత ఉండేది కాదు. బహుశా నువ్వు చెప్పదలుచుకున్నది అదేనేమో. కానీ అది మన అరుగు మీద జరగలేదు, పెరటి గోడల మీద జరిగింది. నువ్వు ఎప్పుడూ పెరటి వైపు రాలేదు.

అల్లం బొంబాయి బస్సులో పంపమని మహాదేవప్ప చేతికిచ్చాను. మన చిరాగ్‌పల్లి భూమిలో ఆయన ఈసారి చెరకు వేస్తానంటున్నాడు, బోరులో నీళ్లు పడ్డాయి. పాలుకిచ్చాం కాబట్టి సగం నష్టం మనదీ అవుతుందని మీ బావ గుర్తుచేశాడు.

మనోరమ


బొంబాయి
ఆగస్టు 2, 1985

అక్కకు,

నాగు సంగతి చదివి రెండు రోజులు నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. మళ్లీ మీటింగులో నిలబడి, మొన్న చెప్పింది తప్పని చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. కానీ ఒకటి తేలింది. నాన్న చేసినదే మా కంపెనీ చేస్తోంది. నేను ఇంట్లో ఉన్నదానికి పేరు తప్పు పెట్టాను, అంతే. చెయ్యాల్సింది పెరటి గోడ పని. ఈ మాట నీ నోటి నుంచే వచ్చింది, ఇక వెనక్కి తీసుకోలేవు.

ఇప్పుడు అసలు కబురు. కాపీల విషయం కంపెనీకి తెలిసిపోయింది. నా ముందు ఒక కాగితం పెట్టారు. ప్రోగ్రాము పూర్తిగా వాళ్లదని, దాని లోపలి సంగతి బతికినంతకాలం ఎవరి దగ్గరా నోరెత్తనని, ఎవరికీ ఇవ్వనని నేను సంతకం పెట్టాలి. పెడితే ఉద్యోగం, క్వార్టరు ఉంటాయి. లేకపోతే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యాలి. బాలమణికి అయిదో నెల.

నేను పెట్టదలుచుకోలేదు. బాలమణి అటక మీది పెట్టెలు దించి దులుపుతోంది, అదే భయంగా ఉంది.

ఇంద్రసేన


జహీరాబాద్
ఆగస్టు 9, 1985

ఇంద్రసేనా,

సంతకం పెట్టు.

అయిదో నెల అమ్మాయి పెట్టెలు సర్దుకుని బొంబాయి వీధుల్లో ఇల్లు వెతుక్కోవాలా, నువ్వు ఎవరో ముక్కు మొగం తెలియని షోలాపూర్ రైతులకు లోపలి రాత చూపించడం కోసం? వాళ్లు అడిగారా? ఒక్క రైతయినా నీకు కార్డు ముక్క రాశాడా, బాబూ మాకు ఆ మూత తీసి చూపించు అని? అడగనివాళ్ల కోసం పోరాడేవాణ్ణి చూస్తే నాకు ఎప్పుడూ అనుమానమే. పోరాటం వాళ్ల కోసమా, నీకు వచ్చే చప్పట్ల కోసమా?

నీకు నచ్చినట్టు బతకడానికి నువ్వు ఒంటరివి కాదు. నీ గొప్ప మాటలన్నీ విన్నాను. వాటిల్లో ఒక్కదానికీ వంటగది లేదు. సంతకం పెట్టి, ఇంటికి వెళ్లి, బాలమణికి ఆ అల్లంతో చారు కాచిపెట్టు.

ఈ ఉత్తరం నాతో మీ బావ రాయించాడని అనుకుంటావు. ఆయన నిద్రపోతున్నాడు. ఇది నా సొంత తెలివి.

మనోరమ


బొంబాయి
సెప్టెంబరు 1, 1985

అక్కకు,

నువ్వు చెప్పినట్టే పెట్టాను. ఇచ్చిన కాపీలు వెనక్కి అడిగాను. కొందరు ఇచ్చారు, ఇస్తూ నా ముఖంలోకి చూడలేదు.

ఇక దీని గురించి రాయను. బాలమణి కులాసా.

ఇంద్రసేన


జహీరాబాద్
జనవరి 15, 1987

తమ్ముడికి,

పాపకు పళ్లు వస్తున్నాయా? ఏడాదికి పైగా నువ్వు రాసేవి ఉత్తరాలు కావు, వాతావరణ సూచనలు. ఉద్యోగంలో కుదురుకున్నావని సంతోషించాలో, అలిగావనుకోవాలో తెలియక ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకునే పని కాదు.

ఇక్కడి చెరకు రైతుల సంఘం పోయిన దీపావళికి కంప్యూటర్ కొన్నది. సంఘానికి అధ్యక్షుడు విరూపాక్ష, మీ బావకు పేకాటలో జోడీ. నరికే వరుస ఇదివరకు గుమస్తా వేసేవాడు. తిట్టడానికి ఒక మనిషంటూ ఉండేవాడు. ఇప్పుడు కంప్యూటర్ వేస్తుంది. మన చిరాగ్‌పల్లి చెరకు పోయిన ఏడు జనవరిలో నాటింది. ఈపాటికి ఫ్యాక్టరీకి పోవాలి. మనకన్నా రెండు నెలలు వెనక నాటినవాళ్లకు కటింగ్ ఆర్డర్లు వచ్చేశాయి, మనకు మార్చి ఆఖరంటున్నారు. తోట పూతకు వచ్చింది, లోపల బెండు పడుతోంది. రోజూ బరువు పోతోంది. మహాదేవప్ప పొద్దునా సాయంత్రం ఒక గడ విరిచి తెచ్చి నా చేతిలో పెడుతున్నాడు, నేనేదో డాక్టరునైనట్టు.

నిన్న ఆయన్ను వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకు పోయాను. కంప్యూటర్ ఉన్న గదిలో కూలరు నడుస్తోంది. యంత్రానికి కుంకుమ బొట్లు, దండ. చెప్పులు బయట విడవాలట. మహాదేవప్ప విడిచాడు. నేనూ విడిచాను. అందుకు ఇంకా సిగ్గుగానే ఉంది.

విరూపాక్ష కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. "మేడమ్, సదువుకున్నోళ్లు మీరు, మీకు నేను చెప్పేదేముంది. గిది మనిషి ఏసిన వరుస గాదు. కంప్యూటర్ ఏసింది. దానికి సుట్టాలు లేరు, దోస్తులు లేరు."

మహాదేవప్ప గోడవైపు చూస్తూ అన్నాడు. "సుట్టాలు లేకుంటే మీ అల్లుని తోట గంత ముందల ఎట్లొచ్చింది పటేలా?"

"గది దాన్నే అడుగు. నోరుంటే చెప్తది."

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ వరుస ఎలా వేస్తుందో చూపించమని అడిగాను. అది తమకూ తెలియదట, కంపెనీ వాళ్లు మూత బిగించి ఇచ్చారట. చేతికిచ్చిన కాగితం అడుగున మీ కంపెనీ పేరు ఉంది.

అది నువ్వు రాసిందే కదా? నాటిన తేదీని బట్టే వరుస పడాలి కదా? మరి లోపల ఏముంది? అంతా వివరంగా రాయి. నీ ఉత్తరం పట్టుకుని మళ్లీ పోతాను, ఈసారి చెప్పులతో.

మనోరమ


బొంబాయి
జనవరి 28, 1987

అక్కకు,

పాపకు ఇంకో రెండు పళ్లు వచ్చాయి. ఇక్కడ చలి పెద్దగా లేదు. బాలమణి కుట్టు మిషన్ నేర్చుకుంటోంది.

చెరకు వరుస గురించి సంఘం వాళ్లనే అడగండి. నేను చెప్పగలిగింది ఏమీ లేదు. బావను అడిగానని చెప్పు.

ఇంద్రసేన


జహీరాబాద్
ఫిబ్రవరి 6, 1987

శ్రీయుత కంపెనీ ఉద్యోగి గారికి,

పళ్లు వచ్చినందుకు పాపకు ఆశీస్సులు. ఆ పళ్లు మీకూ కొన్ని ఉంటే బాగుండేది.

రెండేళ్ల కిందట మీరు దాదర్ హాలులో రైతు తలరాత, రైతు చదువు అని ఊగిపోయారు. ఇప్పుడు ఒక రైతు నిజంగా అడుగుతున్నాడు. పేరు మహాదేవప్ప. షోలాపూర్‌లో ఉండే ఎవరో కాదు, చిన్నప్పుడు మిమ్మల్ని భుజం మీద ఎక్కించుకుని న్యాల్‌కల్ సంతకు తీసుకుపోయినవాడు. ఆయనకు మీరు పంపిన జవాబు, చలి పెద్దగా లేదని.

మీ ఉత్తరం చదివి వినిపించమన్నాడు. ఏమని చదవను? కుట్టు మిషన్ సంగతి చదివాను. ఆయన "పెద్ద నౌకరీ గద బిడ్డా, ఫికర్ ఉంటది" అని మీ తరఫున తానే సర్ది చెప్పుకుని పోయాడు.

అడగనివాళ్ల కోసం గొంతు చించుకుని, అడిగినవాడు వచ్చేసరికి గొంతు బొంగురుపోయే జాతి ఒకటుంది. మా స్టాఫ్ రూము నిండా వాళ్లే. మీరు బొంబాయిలో ఉన్నారు కదా, వేరేలా ఉంటారనుకున్నాను.

మనోరమ


బొంబాయి
ఫిబ్రవరి 20, 1987

అక్కా,

సంతకం పెట్టమన్నది ఎవరు?

ఆ కాగితంలో ఏముందో నీకు రాశాను. లోపలి సంగతి ఎవరి దగ్గరా, అంటే అక్క దగ్గర కూడా, నోరెత్తకూడదు. ఉత్తరంలో ఒక్క ముక్క రాస్తే అది కోర్టు దాకా పోతుంది. నువ్వు దాన్ని పట్టుకుని సంఘం ఆఫీసులో అందరి ముందూ చదువుతానంటున్నావు. అలక అనుకున్నావు నా మౌనాన్ని. అది నువ్వు వేయించిన తాళం. ఏడాదిన్నర నుంచి దాని బరువు మోస్తూ వాతావరణం రాస్తున్నాను, ఇంకేం రాయను?

పైగా ఎగతాళి. మన తోట పూతకు రాకపోయి ఉంటే నీకు ఈ మూత గుర్తొచ్చేదా? పక్కవాడి చెరకు ఎండి ఉంటే ఈపాటికి నాకు సొత్తు మీద నోట్సు చెప్పేదానివి. షోలాపూర్ రైతుకూ ఒక మహాదేవప్ప ఉంటాడక్కా. వాడి అక్క కాలేజీలో పనిచెయ్యదు, అంతే.

లోపల ఏముందో చెప్పను. చెప్పకూడదు. నేను రాసిన రోజున ఏం లేదో మాత్రం చెబుతాను. మనిషి పేరు పక్కన ప్రత్యేకం అని గుర్తు పెట్టే గడి లేదు. ఇది కూడా చెప్పకూడదేమో. చెప్పాను.

నిన్న రాజీనామా ఇచ్చాను. బాలమణికి ముందే చెప్పాను. "ఆ సంతకం పెట్టిన్నాడే ఇల్లు ఖాళీ అయింది, ఇప్పుడు సామానే కద పోయేది" అంది. కల్యాణ్‌లో ఒక చాల్‌లో, అంటే వరుస గదుల అద్దె ఇంట్లో, రెండు గదులు చూశాం. దాదర్‌లో ఒక సంస్థలో సాయంత్రం పాఠాలు చెబుతాను.

పాతది నేను ఇవ్వలేను. కానీ కొత్తది రాయొద్దని ఆ కాగితంలో లేదు. పాతదాంట్లో ఒక్క పంక్తి కూడా వాడకుండా, మొదటి నుంచీ రాస్తాను, మూత లేకుండా. అందుకు నాకు ఒకటి కావాలి. నరికే వరుస గురించి మీ సంఘం నిబంధనల్లో ఏముందో అది మాటకు మాట రాసి పంపు. ఈసారి నీ సొంత తెలివి కలపకు.

ఇంద్రసేన


జహీరాబాద్
మార్చి 24, 1987

ఇంద్రసేనా,

రాజీనామా వెనక్కి తీసుకోమని రాద్దామని కూర్చున్నాను. మూడు కాగితాలు చించాను. ఏ కాగితం మీద రాసినా అది 1985 ఆగస్టులో రాసిన ఉత్తరం లాగే ఉంది. బాలమణి మాట మళ్లీ మళ్లీ చదివాను. ఇంత ఖరీదైన పని నీతో నేను చేయిస్తున్నానా, నువ్వే చేస్తున్నావా, నాకు తేలడం లేదు. పాతికేళ్ల తరువాత పాప వచ్చి నన్ను అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియదు.

మన తోటకు పోయిన వారం ఆర్డరు వచ్చింది. నరికారు. బండి మీద చూస్తే చెరకు లాగే ఉంది, కాటా మీద చూస్తే కట్టెపుల్లల్లాగా ఉంది. మహాదేవప్ప కాటా దగ్గర ఏమీ మాట్లాడలేదు. నేనే గట్టిగా మాట్లాడాను, ఎవరూ వినలేదు.

నిబంధనలు ఎత్తి రాశాను, జతపరిచాను. ఒక్క ముక్క కలపలేదు. విరూపాక్ష వాటిని ఇవ్వడానికే నన్ను నాలుగుసార్లు తిప్పాడు. అంటే అందులో మనకు పనికివచ్చేది ఉందన్నమాట.

మనోరమ


కల్యాణ్
సెప్టెంబరు 18, 1987

అక్కకు,

చాల్‌లో వానకు ఒక గోడ చెమ్మగిల్లింది. ప్రోగ్రాము మాత్రం తడవకుండా పూర్తయింది.

ఫ్లాపీ ఒకటి, అచ్చువేసిన పొడుగు కాగితం ఒకటి పంపుతున్నాను. కాగితం మీద ప్రతి పంక్తి పక్కనా అది ఏం చేస్తుందో తెలుగులో రాశాను, కంప్యూటర్ చూడనివాళ్లు కూడా చదవగలిగేలా. సంఘానికి ఊరికే ఇవ్వు. అడిగినవాళ్లందరికీ ఇవ్వు. ఒకటే షరతు. దీన్ని దిద్దుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు, కానీ మూత బిగించకూడదు. దిద్దినవాళ్ల పేరు అడుగున రాయడం మా ఆచారం.

షోలాపూర్‌లో ఒక సంఘం అప్పుడే తీసుకుంది. తప్పులుంటాయి. చూసినవాళ్లు చెప్పాలి. నువ్వు చూడవని తెలుసు.

ఇంద్రసేన


జహీరాబాద్
డిసెంబరు 20, 1987

ఇంద్రసేనా,

తీరిగ్గా కూర్చుని చదువు. ఇది నేను నీకు రాసినవాటిల్లో పొడుగైన ఉత్తరం, నువ్వు గెలిచినట్టు కనిపించేది కూడా. తొందరపడి సంబరపడకు.

నీ ఫ్లాపీ పట్టుకుని సంఘానికి పోయాను. చెప్పులతోనే పోయాను, ఎవరూ ఆపలేదు. విరూపాక్ష దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ధర ఎంతన్నాడు. ధర లేదన్నాను. వెంటనే బల్ల మీద పెట్టేశాడు. "ఊకె వచ్చేదాన్ని ఎవరు నమ్ముతరు మేడమ్? కొన్నదానికి రసీదుంటది." నీ రెండేళ్ల బతుకును ఆ పెద్దమనిషి ఒక టీ చల్లారేలోగా తీర్పు చెప్పి పంపించేశాడు. రసీదు ఉంటే మోసాన్నయినా నమ్ముతారన్నమాట, రసీదు లేకపోతే నిజాన్ని కూడా నమ్మరు. ఇంటికి వచ్చి మీ బావకు చెబితే, "అట్ల గాదు, పది రూపాయలని చెప్పాల్సింది" అన్నాడు. దుకాణం నడిపేవాడి బుద్ధి. నిజమేనేమో కూడా.

అక్కడితో వదిలేద్దామనుకున్నాను. కానీ నీ కాగితం బీరువా మీద పరుచుకుని ఉంది, దుమ్ము దులిపినప్పుడల్లా ఒక పంక్తి కంటబడేది. నీ తెలుగు వివరణలు చదివాను. చేత్తో చెయ్యలేని పని ఏమీ లేదు అందులో. తేదీలు చూడడం, పోల్చడం, ముందు వెనకలు చెయ్యడం. చిరాగ్‌పల్లి రైతుల నాటిన తేదీలు మహాదేవప్ప ఇంటింటికీ తిరిగి అడిగి వచ్చాడు. స్టాఫ్ రూములో కూర్చుని, నీ యంత్రం చేసే పని పెన్సిలుతో నేను చేశాను. మా ప్రిన్సిపాల్ నేను జాతకాలు వేస్తున్నాననుకున్నాడు.

ఆ వరుసను చిరాగ్‌పల్లి బస్ స్టాప్ దగ్గర టీ హోటల్ గోడకు అంటించాం, పక్కనే నీ కాగితం కూడా. జనం సంఘం ఇచ్చిన కాగితాలు తెచ్చి పక్కపక్కన పెట్టి చూడడం మొదలుపెట్టారు. తేడా ఎందుకుందని ఆఫీసుకు పోయి అడగడం మొదలుపెట్టారు. ఒకరు పోతే దాన్నే అడుగు అనవచ్చు. ఊరు ఊరే వచ్చి నిలబడితే ఏమంటాడు? పది రోజులకు సంఘం కొత్త వరుస ఇచ్చింది, మన వరుసకు చాలా దగ్గరగా. కంప్యూటర్ తానే మనసు మార్చుకుందట. దానికి బొట్టు పెట్టిన పుణ్యం.

మహాదేవప్ప పోయిన ఏడు చివర నాటిన రెండో మడికి ఈ నెలలోనే ఆర్డరు వచ్చింది. కాటా దగ్గర ఈసారి ఆయన చాలా మాట్లాడాడు.

ఇక్కడితో ఆపితే నీకు బాగుండేది. గంగమ్మ ఆపనివ్వలేదు. చిరాగ్‌పల్లిలోనే ఎకరన్నర చెరకు ఉంది ఆమెకు. నాటింది కాదు, మొడెం తోట. అంటే పోయిన ఏడు నరికిన మొదళ్ల నుంచి మళ్లీ చిగిర్చినది. గోడ మీద వరుసలో ఆమె పేరు అందరికన్నా కింద ఉంది. నడిచి కాలేజీకి వచ్చింది. క్లాసు జరుగుతుంటే గుమ్మంలో నిలబడింది.

"సంఘపోళ్లు మోసం జేస్తరని మీరు జెప్పిన్రు. మీ కాయితంల గూడ గరీబుదే ఆఖరికి పడ్డది గదమ్మా. మరి మీకూ ఆళ్లకూ ఫరక్ ఏముంది?"

పిల్లలంతా విన్నారు. ఇంతకాలం విరూపాక్షను చూసి నవ్వినదాన్ని, ఇప్పుడు కంప్యూటర్ వేసిందమ్మా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కంప్యూటర్ కూడా లేదు, నా పెన్సిలే. అయినా వచ్చింది.

ఫరక్ ఏమిటో వెతకడానికి కూర్చున్నాను. నీ కాగితం మొదటి నుంచి చివరిదాకా, ఈసారి నీ తెలుగు వివరణలు మూసిపెట్టి, అసలు పంక్తులే చదివాను. దొరికింది. మొడెం తోటకు నాటిన తేదీ ఉండదు కదా, ఆ గడి ఖాళీ. ఖాళీ గడి ఉన్నవాళ్లందరినీ నువ్వు వరుస చివరికి తోసేశావు. షోలాపూర్ కాగితాల్లో ఎలా రాస్తారో నాకు తెలియదు, ఇక్కడ ఖాళీగానే వదులుతారు. పొలం చూడకుండా రాసేవాడు చేసే తప్పు ఇది. మొడెం తోట కొత్త తోటకన్నా ముందే పక్వానికి వస్తుంది. దాన్ని ఆఖరికి పెడితే బెండు నరకాల్సిందే.

రెండు పంక్తులు రాశాను. తేదీ లేకపోతే పోయిన ఏడు నరికిన తేదీ తీసుకోవాలి, దాన్ని ఒక నెల ముందటి తేదీగా లెక్కకట్టాలి. నీ పద్ధతిలోనే, నీ చుక్కలు కామాలతో రాశాను, సరిగ్గా ఉందో లేదో యంత్రం మీద చూసుకో. గంగమ్మ పేరు పైకి వచ్చింది.

వచ్చింది ఆమె పేరు ఒక్కటే కాదు. విరూపాక్షకు చిరాగ్‌పల్లి వాగు పక్కన మొడెం తోట ఉంది. అదీ పైకి వచ్చింది, మహాదేవప్ప వాళ్ల తమ్ముడి తోటను దాటుకుని. నా చేత్తో నేను రాసిన రెండు పంక్తులు ఆ మనిషిని ముందుకు తెచ్చి కూర్చోబెట్టాయి. ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఒక చిన్న గుర్తు చాలు. అధ్యక్షుడైతే వద్దు అని ఇంకో పంక్తి. ఎవరూ తప్పు పట్టరు, చప్పట్లు కూడా కొడతారు. ఆ గుర్తు పెట్టే గడి ఎలా పుడుతుందో అప్పుడు అర్థమైంది నాకు. పెట్టేవాడికి అది ఎప్పుడూ న్యాయంగానే కనిపిస్తుంది కాబోలు.

పెట్టలేదు. కొత్త వరుస తీసుకుపోయి గోడకు అంటించాను.

నిన్న విరూపాక్ష టీ హోటల్ దగ్గర జీపు ఆపాడు. గోడ ముందు నిలబడి, వేలు పెట్టి వెతుక్కుని, తన పేరు చూసుకున్నాడు. తరువాత నా వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు. "గీ లిస్టే మంచిగున్నది మేడమ్. మా కంప్యూటర్ కన్న నయం."

ఆయన మెచ్చుకున్నాడంటే ఆ కాగితం చించి పొయ్యిలో పెట్టాలనిపించింది. మహాదేవప్ప నా ముఖం చూసి దూరంగా జరిగాడు. చించలేదు. అది సరైన వరుస, ఏం చెయ్యను.

నీ దగ్గరున్న ప్రతులన్నిటిలో ఆ రెండు పంక్తులు వేసుకో, షోలాపూర్ వాళ్లకూ పంపు. దిద్దినవాళ్ల పేరు రాసే ఆచారం ఉందన్నావు కదా. నా పేరు వద్దు. గంగమ్మ పేరు రాయి.

మీ అక్క,
మనోరమ